వేళ రాసిన పలక

వరంగల్‌లో వెంకట్రాజం సేటు కోల్డ్ స్టోరేజీలో పన్నెండేళ్లుగా ఒక పలక వేలాడుతుండేది. బడిపిల్లలు వాడే మామూలు పలకే. చట్రం ఒక మూల ఊడితే సుతిలి తాడుతో బిగించి కట్టారు. మిర్చి బస్తాలుండే రెండో నంబరు గది తలుపు పక్కన, మేకుకు తగిలించి ఉండేది. దాని మీద ఎప్పుడూ రెండే అంకెలు: లోపల ఎన్ని డిగ్రీలుంది, ఎన్ని గంటలకు చూశారు. రాసేవాడు యాకయ్య. ఆ గది తలుపు తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంటుంది.

1987 మే నెలలో ఒక శనివారం ఆ పలకను మేకు మీంచి తీయించింది రాజేశ్వరి. పన్నెండేళ్లు మేకు దిగని పలకను, ఇరవై ఆరేళ్ల పిల్ల ఒక్క మాటతో తీయించింది. చదువుకున్నవాళ్లకు తొందరెక్కువ మరి.

రాజేశ్వరి హనుమకొండలో ఇత్తడి సామాన్ల దుకాణం సత్యనారాయణ గారి రెండో అమ్మాయి. ఇంజనీరింగ్ పూర్తయ్యాక, చౌరస్తా దగ్గర మేడ మీద సారంగపాణి అనే ఆయన పెట్టిన కంప్యూటర్ కంపెనీలో చేరింది. కంపెనీ అంటే పెద్దగా ఊహించుకోకండి. సారంగపాణి, రాజేశ్వరి, ఒక యూనిక్స్ మెషీను, ఒక టేబుల్ ఫ్యాను. అందులో ఫ్యానుకు తప్ప మిగతా ముగ్గురికీ పని లేదు. ఏడాదిగా ఊళ్లో ఎక్కని గడప లేదు, దిగని గడప లేదు. చివరికి వెంకట్రాజం సేటు ఒక్కడు, అదీ సత్యనారాయణ గారి మొహం చూసి, సరేనన్నాడు.

పని ఇది. రెండో నంబరు గది గోడకు సారంగపాణి బొంబాయి నుంచి తెప్పించిన కంట్రోలర్ డబ్బా ఒకటుంది. పంచాంగమంత డబ్బా, లోపల గోరంత చిప్పు. గదిలో వేడి పెరిగితే కంప్రెసర్ నడపడం, చల్లబడ్డాక ఆపడం దాని ఉద్యోగం. పాపం బుద్ధిగానే చేస్తుంది, కానీ నోరు లేదు. దాన్నొక వైరుతో ఆఫీసులోని కంప్యూటర్‌కు కలిపి, ఎవరడిగినా జవాబు చెప్పేలా చేయాలి.

వైరు కలిపినంత మాత్రాన అయిపోదు. యూనిక్స్ మెషీనులో ప్రోగ్రాములన్నీ బయటి మనుషుల కింద లెక్క. వైరు జోలికి పోయే హక్కు లోపలుండే కెర్నెల్‌కు ఒక్కదానికే. ఈ నీతి రాజేశ్వరికి కాలేజీ కంటే ముందు దుకాణంలోనే తెలిసింది. గిరాకీ ఎవరూ నేరుగా గోదాములోకి పోరు. గల్లా ముందు నిలబడి బిందె కావాలంటారు, లోపలి మనిషి పోయి తెచ్చి ముందు పెడతాడు. కెర్నెల్లో ఉండే అలాంటి లోపలి మనిషే డ్రైవర్. రాజేశ్వరి ఆరు నెలలు కూర్చుని దాన్ని రాసింది. మామూలు ప్రోగ్రాములో తప్పుంటే ఆ ప్రోగ్రాము ఒక్కటే పోతుంది. డ్రైవర్లో తప్పుంటే మెషీను మొత్తం తెల్లమొహం వేస్తుంది. ఆ ఆరు నెలల్లో అది ఎన్నిసార్లు తెల్లమొహం వేసిందో సారంగపాణి లెక్కపెట్టడం మానేశాడు. ఆఖరికి కుదిరింది. ఇప్పుడు మెషీనులో 'చలి' అనే పేరుతో ఒక ఫైలు కనిపిస్తుంది. ఏ ప్రోగ్రామైనా ఆ ఫైలు తెరిచి చదివితే చాలు, డ్రైవర్ పోయి గోడ మీది డబ్బాను అడిగి అంకె తెచ్చిస్తుంది.

శనివారం పొద్దున సేటు కంప్యూటర్ గది గడప మీద కొబ్బరికాయ కొట్టి, స్క్రీను నుదుట ఇంత కుంకుమ పెట్టి, షరతు చెప్పాడు.

“చూడమ్మా, సాఫ్ మాట చెప్తాన్న. పది రోజులు. ఎల్లుండి సోమవారం గాదు, దాని పై సోమవారం పగటీలి పన్నెండింటిదాక. ఈ పది రోజుల్ల లోపట ఒక్కసారి ఎనిమిది డిగ్రీలు దాటిందా, మీ డబ్బ మీరు పట్కపోండ్రి. అది నా సొంత మిర్చి కాదు, రైతులది. దాటకుంటె ఉంచుకుంట. యాకయ్యను గేటు కాడ కూసుండబెడ్త. ముసలోడయిండు, ఎన్నిసార్లు పోయి చూస్తడు లోపటికి?”

డబ్బా తిరిగొస్తే సారంగపాణి మేడ గదులకు తాళం పడుతుంది. ఆ సంగతి సేటుకు తెలియదు, రాజేశ్వరికి తెలుసు. ఆరు నెలల పని, ఊళ్లో మొదటి పని, అదే ఆఖరిదయితే మొహం ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు అర్థం కాలేదు.

“ఇగ పలక తీసేద్దాం కాకా,” అంది యాకయ్యతో. “ఎవలడిగినా స్క్రీనే చెప్తది. రెండు చోట్ల ఎందుకు?”

యాకయ్య తలుపును ఆనుకుని నిలబడి ఉన్నాడు. “ఉండనియ్యి బిడ్డా. దానికేమన్న తిండి పెడ్తాన్నమా?”

“బాగుండది కాకా. కొత్త మెషీను పక్కన పాత పలక.”

యాకయ్య మేకు దగ్గరికి వెళ్లాడు. పలక తీసి, తువ్వాలతో తుడిచి, చంకలో పెట్టుకుని పోయాడు.

శని, ఆదివారాలు మార్కెట్ యార్డు బంద్. స్క్రీను మీద ఐదు, ఐదున్నర, మళ్లీ ఐదు. నెత్తిన పాలు పోసినట్టయింది రాజేశ్వరికి. సోమవారం తెల్లారింది.

మే నెలలో వరంగల్ ఎండ సంగతి వేరే చెప్పాలా? పది దాటితే రోడ్డు మీద కాకి కూడా నడవదు. ఆ కోల్డ్ స్టోరేజీలో మనుషులు కూర్చోగల చల్లని చోటు ఒక్కటే, కంప్యూటర్ గది. మెషీను వేడెక్కకూడదని సారంగపాణి పట్టుబట్టి దానికి ఏసీ పెట్టించాడు. ఈ కబురు యార్డులో ఎవరు చేరవేశారో గానీ, పదకొండు కాకముందే గది నిండిపోయింది. ఊరికే కూర్చుంటే బాగుండదు గదా. మన వాళ్లకు మర్యాద తెలుసు. వచ్చిన ప్రతి మనిషీ ఒక మీట నొక్కి, “రెండో నంబరుల చలెంతున్నది?” అని అడిగి, అంకె చూసి, “మంచిది” అని, ఆ పైన గోడకానుకుని కూర్చునేవాడు. కాసేపటికి తనకిక్కడ పనుందని గుర్తు చేయడానికి మళ్లీ ఒకసారి నొక్కేవాడు. పక్కవాడు ఇప్పుడే చూశాడు కదా అంటే, “ఎవని కండ్లు వానియి” అనేవాడు. మిర్చి గురించి అడగవచ్చిన రైతును పొమ్మనడం సేటు వంశంలో లేదు. మజ్జిగ కూడా తెప్పించాడు.

పదకొండుకు ఆరు డిగ్రీలు. పన్నెండుకు ఆరున్నర. ఒంటిగంటకు ఏడు.

నర్సంపేట దగ్గర్నుంచి వచ్చిన మొగిలమ్మవి ఆ గదిలో నలభై బస్తాలున్నాయి. ధర వచ్చేదాకా దాచుకుంది. చలి తప్పితే మిర్చికి ఎరుపు దిగిపోతుంది, ఎరుపు దిగిన మిర్చిని అడిగే నాథుడుండడు. అంకె పెరుగుతోందని ఎవరో చెప్పగానే ఆమె నిమిషానికోసారి మీట నొక్కించడం మొదలుపెట్టింది. ఆమెను చూసి మిగతావాళ్లు. అంకె పెరిగిన కొద్దీ భయం, భయం పెరిగిన కొద్దీ నొక్కుడు. రాజేశ్వరి కాలుగాలిన పిల్లిలా మెషీనుకూ గదికీ మధ్య తిరుగుతోంది. డ్రైవర్లో తప్పేమీ కనిపించదు. అంకె సరైనదే. అదే అసలు బాధ.

గది ముందు గోడ మీద కంట్రోలర్ డబ్బాను చూసింది. పసుపు దీపం మిణుకుతోంది. అంటే కంప్రెసర్ నడపాలని దానికి తెలుసు. ఆగిన మోటారును టక్కున తిప్పితే కాలిపోతుందని, మూడు నిమిషాలు లెక్కపెట్టుకుని తిప్పడం దాని పద్ధతి. దీపం మిణుకుతూనే ఉంది, మోటారు మాత్రం ఉలకడం లేదు.

“ఎవలో మాటిమాటికి తలుపు తీస్తాండ్లు,” అన్నాడు యాకయ్య.

“తాళంచెవి నీ మొలకే ఉన్నది గద కాకా! ఎవలు తీస్తరు?”

“నాకేం తెల్సు బిడ్డా. తలుపు తీస్తనే గిట్ల అయితది.”

అప్పుడే మూడో నంబరు గదికి లారీ వచ్చింది. హమాలీలు బస్తాలు దింపుతుంటే యాకయ్య వేలుతో ఒక్కొక్కటీ తట్టి లెక్కపెడుతున్నాడు. మార్కెట్లో ఎవరూ ఒకటితో మొదలుపెట్టరు, లాభంతో మొదలుపెడతారు.

“లాభం, రెండు, మూడు, నాలుగు...”

“యాకన్నా!” మొగిలమ్మ ఏడుపు గొంతుతో వచ్చింది. “ఏడు దాటిందంటాండ్లు! నా మిర్చి ఉంటదా, పోతదా?”

“ఏం గాదు, పో. లెక్క తప్పిచ్చినవ్. లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు...”

“నిజంగనే ఏం గాదా అన్నా?”

“గాదంటిని గద! మల్ల మొదటికొచ్చింది. లాభం, రెండు...”

మూడోసారి కూడా అదే అయింది. ముసలాయనకు చిర్రెత్తుకొచ్చింది. “నువ్విట్ల అడుగుతాంటె పొద్దుగూకినా నా లెక్క తెగది మొగిలమ్మా! పలకున్ననాడు ఎవలన్న నన్నడిగిండ్లా? చూసుకుంట పోయెటోళ్లు. పలకేమో ఈ బిడ్డ తీపిచ్చె.”

రాజేశ్వరి చటుక్కున గోడ మీది డబ్బా వైపు తిరిగింది. పలక మాటకు కాదు. లాభం మాటకు.

గోడ మీది డబ్బా కూడా లెక్కే పెడుతోంది. మూడు నిమిషాల లెక్క. మధ్యలో వైరు మీద ఎవరైనా “చలెంత?” అని అడిగితే, బుద్ధిమంతురాలు గనక లెక్క ఆపి జవాబు చెప్పి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటోంది. ఏసీ గదిలో ముప్పై మంది అర నిమిషానికోసారి అడుగుతున్నారు. ఇక అది మూడు నిమిషాలు ఎప్పుడు చేరాలి? నోరు లేని డబ్బాకు తాను నోరిచ్చింది గానీ, ఆ నోటికి కాసేపు ఊపిరి తీసుకునే వీలివ్వలేదు.

పరుగున కంప్యూటర్ గదికి పోయింది. “ఎవ్వలు ముట్టొద్దు! మీట మీద చెయ్యెయ్యొద్దు!”

“గిదేందమ్మా!” సేటు నొచ్చుకున్నాడు. “అడగనీకెనె గద మెషీను పెట్టింది?”

రాజేశ్వరి ఆయన్ను దాటుకుని పోయింది. మెషీను వెనక్కి వంగి, కంట్రోలర్ వైరు పట్టి లాగేసింది. ఆఖరిసారి స్క్రీను మీద పడిన అంకె ఏడు పాయింట్ ఎనిమిది.

మళ్లీ గది దగ్గరికొచ్చి డబ్బా ముందు నిలబడి చేతిగడియారం చూసింది. “కాకా, మూడు నిమిషాలు. ఎవలనూ మాట్లాడనియ్యకు.” మాట్లాడితే డబ్బాకు వినపడదని ఆమెకూ తెలుసు. భయానికి తర్కమెక్కడిది? యాకయ్య హమాలీలకు చెయ్యి చూపించాడు. మొగిలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నిమిషం. రెండు నిమిషాలు. రెండున్నర. సేటు వెనకాలే వచ్చి ఏదో అడగబోతే, యాకయ్య పన్నెండేళ్లలో మొదటిసారి యజమానిని “ష్” అన్నాడు.

గోడ వెనక కంప్రెసర్ గుర్రుమంది. పసుపు దీపం ఆరి పచ్చదీపం వెలిగింది. రాజేశ్వరి బస్తా మీద చతికిలబడి ఏడ్చింది. ఎందుకేడుస్తోందో అక్కడ ఎవరికీ అర్థం కాలేదు. మొగిలమ్మ మాత్రం తనూ తోడుగా కాసేపు ఏడ్చింది.

యాకయ్య లోపలికి పోయి థర్మామీటర్ చూసి వచ్చాడు. ఏడు పాయింట్ తొమ్మిది. ఎనిమిది దాటలేదు. సేటు మాట మీద నిలబడే మనిషి, షరతు షరతే అన్నాడు. కానీ మీట నొక్కే చేతులు చూసి ఆయనకు మాత్రం కాస్త జంకు పుట్టింది.

డబ్బా లోపలి బుద్ధి మార్చాలంటే చిప్పు ఊడదీసి బొంబాయి పంపాలి, మూడు వారాలు. సారంగపాణి ఫోన్లో ఆ మాట చెప్పి నిట్టూర్చాడు. మార్చడానికి రాజేశ్వరి చేతిలో ఉన్నది డ్రైవర్ ఒక్కటే. హనుమకొండ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, మిర్చి రసీదు వెనక రాసుకుంటూ పోయింది. అడిగినప్పుడల్లా డ్రైవర్ గదికి పరుగెత్తకూడదు. తనంతట తానే ఐదు నిమిషాలకోసారి పోయి అడిగి రావాలి. తెచ్చిన అంకెను కెర్నెల్లో ఒక చోట రాసి పెట్టుకోవాలి. ముప్పై మంది అడిగినా, మూడు వందల మంది అడిగినా, ఆ రాసింది చూపించాలి తప్ప డబ్బా జోలికి పోకూడదు. ములుగు రోడ్డు దాటేసరికి తాను కొత్తగా ఏమీ కనిపెట్టడం లేదని, యాకయ్య పలకనే కెర్నెల్లో తగిలిస్తున్నానని ఆమెకు తెలిసొచ్చింది. బస్సులో ఎవరూ చూడకుండా సిగ్గుపడింది.

మంగళవారం మధ్యాహ్నానికి కొత్త డ్రైవర్ ఎక్కించింది. ఏసీ గదిలో మళ్లీ జనం, మళ్లీ నొక్కుడు. అంకె ఐదు దగ్గర రాయిలా కదలకుండా ఉంది. యాకయ్యను పిలిచి కూర్చోబెట్టి చెప్పింది.

“నీ పలకనే కాకా. లోపట పెట్టిన.”

ముసలాయన స్క్రీనును చాలాసేపు చూశాడు. “అంకె ఉన్నది. వేళేది?”

“ఐదు నిమిషాలకోసారి దానంతటదే రాస్తది. ఇగ వేళెందుకు?”

“రాయకుంటె?” అన్నాడు యాకయ్య. “పలక పెట్టిన మొదటేడు నేనూ వేళ రాయకపోయెటోన్ని. ఓసారి జరమొచ్చి పనికి రాలే. పలక మీద నిన్నటి ఐదు అట్లనే ఉన్నది. అందరు చూసిండ్లు, మంచిగున్నదనుకున్నరు. మూడు రోజులు. లోపట చలి తప్పి డెబ్బై బస్తాలు నల్లగయినయి బిడ్డా. సేటు నన్నేమనలే. ఆ రైతు గూడ ఏమనలే, నా మొహం చూసి పోయిండు. అప్పటిసంది వేళ లేకుంట అంకె రాయలే.”

రాజేశ్వరి మళ్లీ మెషీను ముందుకు జరిగింది. ఆ సాయంత్రం బస్సు వదులుకుని మరీ డ్రైవర్లో అంకె పక్కన వేళ చేర్చింది.

ఆ తర్వాత రోజులు చల్లగా నడిచాయి. పదో రోజు, సోమవారం. సేటు కేసముద్రం నుంచి ఒక వ్యాపారిని పిలిపించాడు. ఆయనకూ అక్కడ అలాంటి స్టోరేజీ ఉంది. ఈయన పన్నెండింటికి సరేనంటే, ఆయన కూడా ఒకటి పెట్టించుకుంటాడు. సారంగపాణి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి మూల నిలబడ్డాడు. ఏసీ కింద జనం మామూలే. మొగిలమ్మ తలుపు పక్కన కూర్చుంది.

“చూడుండ్రి,” సేటు స్క్రీను వైపు చెయ్యి చూపించాడు. “ఐదు డిగ్రీలు! కూసున్న కాడికే వచ్చింది.”

రాజేశ్వరి కూడా చూసింది. ఐదు. పక్కన వేళ 11-10. గోడ గడియారంలో పన్నెండుకు ఇరవై నిమిషాలే తక్కువ. అరగంటగా లోపలి పలక మీద ఎవరూ రాయలేదు.

వైరు ఎక్కడో ఊడింది. లోపల ఎంతుందో ఎవరికీ తెలియదు. ఇంకో ఇరవై నిమిషాలు నోరు మూసుకుంటే చాలు. సేటు అంకెనే చూస్తున్నాడు, కేసముద్రం ఆయనా అంకెనే చూస్తున్నాడు. గుమ్మం దగ్గర యాకయ్య ఒక్కడే గోడ గడియారం చూసి, స్క్రీను చూసి, ఆ తర్వాత రాజేశ్వరిని చూశాడు. మూడు రోజుల జరం తర్వాత ఆ రైతు తనను ఎలా చూశాడో, అలాగే చూశాడేమో.

“సార్,” అంది రాజేశ్వరి. “అది పదకొండు పదిది. ఇప్పటిది కాదు. ఇప్పుడు లోపట ఎంతున్నదో నా మెషీనుకు తెల్వది.”

సారంగపాణి కళ్లు మూసుకున్నాడు. సేటు మొహంలో రంగు మారింది. యాకయ్య అప్పటికే మొలతాడు తాళంచెవి పట్టుకుని నడుస్తున్నాడు. అందరూ వెనకాలే పోయారు. ఆయన తలుపు తీసి లోపలికి పోయి, ఒళ్లంతా చలి పట్టించుకుని బయటికొచ్చాడు.

“ఐదుంబావు. మిర్చి నిమ్మలంగున్నది. డబ్బ దాని పని అది చేస్తాంది, వైరు మీద ఎవడో బస్తా ఏసిండు, అంతే.”

మొగిలమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. సేటు ఇంకా ఏమీ తేల్చలేదు. ముందు నోరు తెరిచింది కేసముద్రం వ్యాపారి.

“వెంకట్రాజం, మా గుమాస్తా ఇరవై ఏండ్ల సంది ఉన్నడు. ఏదడిగినా చెప్తడు. ఒక్కనాడు గూడ 'నాకు తెల్వది' అనలే. దాంతోనె నా బతుకు ఆగమాగమయింది. గీ డబ్బ వేళ చూపెట్టి ఆ మాటంటాంది. ఈ పిల్ల గూడ అన్నది. నాకు గిదే గావాలె.”

సేటు గడ్డం గోక్కున్నాడు. గడియారం చూశాడు. పన్నెండు కొట్టడానికి ఇంకా కొన్ని నిమిషాలున్నాయి గానీ, ఆయన ఆగలేదు. “ఉంచుతాన్నమ్మా,” అన్నాడు. ఆ తర్వాత యాకయ్య వైపు తిరిగి, “వేళ ఆగినప్పుడు లోపటికి పొయ్యెటోడు ఒకడుండాలె గద. గేటు కాడికి ఇంకెవన్నన్న చూస్త. పలక యాడ పెట్టినవ్ రా?”

యాకయ్య పలకను దూరంగా ఎక్కడా పెట్టలేదు. మూడో నంబరు గది తలుపు వెనకే ఉంది, పది రోజులూ రోజూ తుడిచినట్టు నల్లగా నిగనిగలాడుతోంది. పాత మేకుకు తగిలించి, జేబులోంచి బలపం తీసి రాజేశ్వరి చేతిలో పెట్టాడు.

“నువ్వే రాయి బిడ్డా.”

రాజేశ్వరి కళ్లు తుడుచుకుని, పెద్ద అక్షరాలతో ఐదుంబావు అని రాసి, బలపం తిరిగి ఇవ్వబోయింది. యాకయ్య తీసుకోలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“వేళ?” అన్నాడు.

ఆమె చేతిగడియారం చూసి, పక్కన వేళ కూడా రాసింది.